మాల తీసిన తెల్లారి ఏం చెయ్యాలె?

కార్తీకం రాంగనే మన ఊర్లల్ల ఒక ముచ్చట కనిపిస్తది. యేడాదంతా పొద్దుమీకితే వైన్స్ కాడ్నే ఉండే మనుషులు నల్లబట్టలు కట్టి, మెడల మాలేసుకొని, తెల్లారక ముందే చన్నీళ్ల తానం చేస్తరు. 41 రోజులు చుక్క ముట్టరు. పెండ్లానికి పానం తెరిపిన పడ్డట్టయితది. పిల్లలు భయం లేకుంట నాయిన పక్కకు పోయి కూసుంటరు. కిరాణ కొట్ల ఖాతా తగ్గుతది. ఆ తర్వాత ఇరుముడి కట్టుకొని శబరిమల పోయొస్తరు. మాల తీస్తరు. చానా ఇండ్లల్ల ఆ రాత్రే మళ్ల షురూ అయితది.

మా అక్క ఇంట్ల ఈ ముచ్చట ఆరేండ్లు చూసినం. మా బావ లారీ మెకానిక్. మంచి పనిమంతుడు. మాల మీద ఉన్నన్ని రోజులు షెడ్డు మంచిగ నడిచేది. తీసినంక వారం తిరగకముందే పాత కథ. ఏడో యేడు మాలేసిన మూడో రోజు భజన కాడ్నే ఫిట్స్ వచ్చి పడిపోయిండు. అప్పటికే పొద్దుగాల లేవంగనే మందు పడందే చేతుల వణుకు ఆగని కాడికి వచ్చిండు. అసుంటి మనిషి ఒక్కసారి బంద్ చేస్తే పానం మీదికి వస్తదని మా ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు. దవఖానల పది రోజులు ఉన్నడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఒక మాట చెప్పిండు: "మందులు చేసే పని అయిపోయింది. ఇగ రోజూ పొద్దుమీకినంక మీరు యాడ కూసుంటరో అదే మీకు మందు. మీటింగులకు పోండ్రి."

"ఏం మీటింగు సారూ, పార్టీ మీటింగా?" అని అడిగింది మా అక్క.

ఆ మీటింగుల గురించే ఈ వ్యాసం. అవి ఏంది, యాడ దొరుకుతయ్, లోపలికి పోతే ఏమైతది, ఏం చూసి నమ్మాలె, ఏం చూసి నమ్మొద్దు. బావ ఒప్పుకున్నంకనే ఆయన ముచ్చట రాస్తున్న. ఊరి పేరు, మనిషి పేరు రాస్తలేను. ఎందుకు రాస్తలేనో కింద తెలుస్తది.

41 రోజులు ఎట్ల ఉన్నడు, 42వ రోజు ఎందుకు ఉండలే?

ఒక్కరోజు బంద్ పెట్టలేనోడు 41 రోజులు ఎట్ల ఉన్నడు? అన్ని రోజులు ఉన్నోడు మాల తీయంగనే ఎందుకు పడిపోయిండు? దేవుని భయం అని ఊర్ల అంటరు. భయం ఉంటది, కాదనలేం. కానీ ఆ 41 రోజుల్ల ఇంకా ఏమేం ఉన్నయో చూడుండ్రి. పొద్దుమీకంగనే భజన ఉంటది, అంటే తాగే టైంకు వేరే పని ఉంది. చుట్టూ అదే నియమం పట్టిన పది మంది ఉన్నరు. సందేహమొస్తే అడగనీకి, ముందుగాల ఆ తొవ్వల నడిచిన గురుస్వామి ఉన్నడు. పాత దోస్తులు సుత "స్వామి" అంటున్నరు తప్ప గ్లాసు చేతికి ఇస్తలేరు.

మాల తీసిన తెల్లారి ఇవన్నీ ఒక్కపాలి మాయమైతయ్. మిగిలేది ఒక్కడే మనిషి, వాని పట్టుదల. పట్టుదల పొద్దుగాల గట్టిగనే ఉంటది. సాయంత్రం ఆరు దాటినంక, పని చేసి అలిసినంక, చేతిల కూలి పైసలు పడ్డంక, ఎవడో ఒక్క మాట అన్నంక అది నిలవదు. అది మనిషి నీతి తప్పుడు కాదు. యేండ్లకేండ్లు తాగినంక మెదడు ఆ టైంకు, ఆ అడ్డాకు, ఆ దోస్తులకు అలవాటు పడ్తది. తాగుడుకు బానిసైన స్థితిని వైద్యులు జబ్బు లెక్కనే చూస్తరు. షుగరున్నోన్ని "గట్టిగ అనుకో, తగ్గుతది" అనం కదా.

అంటే ఇడిసిపెట్టుడు ఒక పని. ఇడిసినంక నిలబడుడు ఇంకో పని. మొదటిదానికి ఒట్టు, మొక్కు, దవఖాన ఏదో ఒకటి ఆసరా ఐతది. రెండో దానికి మనుషులు కావాలె. మీటింగులు చేసే పని అదే. అవి రోజూ ఉండే భజన లెక్క. మాల తీసే రోజు మాత్రం రాదు.

లెక్కలు ఏం చెప్తున్నయ్?

2019-21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణల 15 యేండ్లు దాటిన మగోళ్లల్ల 43.3 శాతం మంది తాగుతున్నరు. ఆడోళ్లల్ల 6.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌ల మగోళ్లు 23.3 శాతం. తాగేటోళ్లందరూ బానిసలు కాదు. కానీ కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఢిల్లీ ఎయిమ్స్‌తోని చేయించి 2019ల బయటపెట్టిన సర్వే, దేశంల 5.7 కోట్లకు పైగ మందికి తాగుడు సమస్యగ మారిందని చెప్పింది. పూర్తిగ బానిసలైనోళ్లల్ల 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతున్నదని కూడ అదే సర్వే చెప్పింది. మిగిలిన 37 మంది యాడున్నరు? మన ఇండ్లల్ల, మన అరుగుల మీదనే ఉన్నరు.

తాగుడు మీద కొట్లాట మనకు కొత్త కాదు. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు మొదలుపెట్టిన పోరాటంతోని 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయింది. 1995ల సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997ల అది సడలింది. దుకాణం బంద్ పెట్టుమని అడుగుడు న్యాయమే. బెల్టు షాపుల మీద ఇయ్యాల్టికీ అడగాలె. కానీ జబ్బు పడ్డ మనిషికి దుకాణం తెరిసున్నా, మూసున్నా వైద్యం కావాలె, తోడు కావాలె. ఆ సగం పని మనం ఎన్నడూ సరిగ పట్టించుకోలే.

ఇద్దరితోని మొదలైన సంగతి

ఈ మీటింగుల పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరు ఏఏ అంటరు. పేర్లు బయటపెట్టని తాగుడు బాధితుల సంఘం అని మన మాటల చెప్పుకోవచ్చు. 1935ల అమెరికాల ఒహాయో రాష్ట్రం ఆక్రన్ పట్నంల పుట్టింది.

బిల్ విల్సన్ అని న్యూయార్క్ షేర్ల బ్రోకరు. తాగుడుతోని అంతా పోగొట్టుకొని, కొన్ని నెలల కిందనే ఇడిసిండు. వ్యాపారం పని మీద ఆక్రన్ పోతే ఆ పని బెడిసికొట్టింది. హోటల్ల ఒక్కడే ఉన్నడు, పక్కకే బారు. మళ్ల తాగుతనేమోనని భయమైంది. అప్పుడు ఆయన బారుల అడుగు పెట్టలే. తనలెక్కనే తాగుడుతోని కొట్లాడుతున్న మనిషి ఇంకొకడు ఈ ఊర్ల ఉన్నడా అని ఫోన్లు చేసిండు. అట్ల బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికిండు. ఒక పావుగంట మాట్లాడి పంపిస్త అనుకున్న డాక్టర్, గంటలకు గంటలు మాట్లాడుకుంట కూసున్నడు. ఆయన ఆఖరుసారి తాగిన రోజు 1935 జూన్ 10. ఆ తారీఖునే ఏఏ పుట్టినరోజు అంటరు.

ఇందుల అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. బిల్ ఆ డాక్టర్‌కు బుద్ధి చెప్పనీకి పోలే. తను తాగకుంట ఉండాలంటే తనకు ఆ మాటలు అవసరమని పోయిండు. డాక్టర్ అంతకు ముందు మస్తు మంది బుద్ధిమాటలు విన్నడు. తనలెక్క నరకం చూసొచ్చినోని మాట మొదటిసారి విన్నడు. ఇయ్యాల్టికీ మీటింగు ఈ ఒక్క సూత్రం మీదనే నడుస్తది.

పని చేస్తదా అని అడిగేటోళ్లకు ఒక లెక్క. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2020ల 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను చూసింది. ఏఏ దిక్కు పద్ధతిగ మళ్లించే వైద్యం అందినోళ్లల్ల, పూర్తిగ తాగకుంట నిలబడ్డోళ్లు వేరే కౌన్సెలింగ్ పద్ధతుల కన్న ఎక్కువున్నరని తేలింది. అందరికీ పని చేస్తదని కాదు. ఉట్టి కాలక్షేపం మాత్రం కాదు.

ముందుగాల డాక్టర్, తర్వాత మీటింగు

ఈ ముక్క ఎవరూ దాటిపోవద్దు. రోజూ ఎక్కువ తాగేటోడు, పొద్దుగాలనే చేతులు వణికేటోడు సొంతంగ ఒక్కసారి బంద్ చెయ్యొద్దు. ఆఖరి చుక్క పడ్డ కొన్ని గంటలకే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవుడు మొదలైతయ్. మొదటి రెండు రోజుల్ల ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించుడు, మతి తప్పి మాట్లాడుడు, జరం రావచ్చు. దీనికి వైద్యం అందకుంటే మనిషి చనిపోవచ్చు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టే టైం కాదది. వెంటనే దవఖానకు తీస్కపోవాలె.

కల్లు మందు కాదు అనేటోళ్లు మనకాడ మస్తుమంది. చెట్టు కల్లు సంగతి పక్కన పెడితే, కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుడు తెలంగాణల కొత్త ముచ్చట కాదు. అవి ఒక్కసారి ఆగినా ఫిట్స్ వస్తయ్. 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు, కాంపౌండ్లు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు కట్టింది ఇందుకే.

ఇంకో జాగ్రత్త. కూరల, చాయల తెల్వకుంట కలిపి పెట్టే పొడులు, పసర్లు అమ్మేటోళ్లు ప్రతి సంతల ఉంటరు. అందుల ఏమున్నదో వాళ్లకే తెల్వదు. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ గోలీ సుత మనిషికి చెప్పకుంట పెట్టొద్దు. అది పడ్డ ఒంట్ల మందు పడితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవుడు అయితయ్. పానమే పోవచ్చు.

జిల్లా దవఖానల మానసిక వైద్య విభాగం ఉంటది. ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నయ్. తొవ్వ తెల్వకుంటే మత్తు ఇడిసే సాయానికి 14446, మనసుకు సంబంధించిన సాయానికి టెలిమానస్ 14416. రెండూ ప్రభుత్వం నడిపే ఉచిత నంబర్లే.

మీటింగు యాడ దొరుకుతది?

ఫోన్ల ఏఏ ఇండియా వెబ్‌సైట్ తెరిస్తే పట్నం వారీగ మీటింగుల జాబితా, హెల్ప్‌లైన్ నంబర్ దొరుకుతయ్. హైదరాబాద్, సికింద్రాబాద్‌ల వారంల వేర్వేరు రోజులు, వేర్వేరు చోట్ల జరుగుతయ్. చదువు రానోళ్లయితే పిల్లలతోని చూపియ్యాలె. దవఖానల డీఅడిక్షన్ వార్డు సిస్టర్లను, కౌన్సెలర్లను అడిగినా చెప్తరు. చానా సార్లు వాళ్లకే మంచిగ తెలుస్తది.

జాబితా చూసి సీదా పోవద్దు. ముందుగాల ఫోన్ చెయ్యాలె. టైములు, జాగలు మారుతుంటయ్. మా బావ మొదటిసారి పోయిన రోజు గేటుకు తాళముంది. మీటింగు పక్క గల్లీలకు మారింది. ఆ తాళం చూసి బావ మొఖంల కనిపించిన సంబురం నేను మర్చిపోను. "చూసినవా, లేదు. పోదాం పా" అన్నడు. ఇంకో ఫోన్ చెయ్యకపోతే మా కథ ఆడ్నే అయిపోయేది.

ఫోన్ల నాలుగు ముచ్చట్లు అడగాలె. మీటింగు ఏ భాషల నడుస్తది, తెలుగా, హిందీయా, ఇంగ్లీషా? ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఇప్పటికీ ఆ జాగల్నే, ఆ టైంకే జరుగుతున్నదా? కొత్తోడు వస్తే గేటు కాడ ఎవరన్న కలుస్తరా? ఓపెన్ అంటే ఇంటోళ్లు, తెలుసుకోవాలనుకునేటోళ్లు ఎవరన్న కూసోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నోళ్లకు, ఇడిసిపెట్టాలనుకునేటోళ్లకు మాత్రమే. అందుకే మొదటి రోజు తోడు పోవాలనుకుంటే ఓపెన్ మీటింగు ఎంచుకోవాలె.

జాగ చూసి గాబరా పడొద్దు. చర్చి గది, బడి గది, కమ్యూనిటీ హాలు, దవఖాన గది, ఏదైనా కావచ్చు. చర్చిల జరిగితే మతం మారుస్తరని కాదు, కిరాయి తక్కువకు సాయంత్రం గది దొరుకుతదని.

దూరమున్నోళ్లకు ఆన్‌లైన్ మీటింగులు ఉన్నయ్. కరోనా కాలంల బాగ పెరిగినయ్. గల్ఫ్ క్యాంపుల ఉన్న మన పోరగాండ్లు, రాత్రి షిఫ్టుల ఉన్నోళ్లు, నలుగురిల పోనీకి సిగ్గుపడే ఆడోళ్లు కెమెరా బంద్ పెట్టి వినుకుంట కూసోవచ్చు. దగ్గర్ల మనుషులు కూడి జరిపే మీటింగు ఉంటే మాత్రం దానికే పోవాలె. ఫోన్ల మనిషి జారుకునుడు అలక.

లోపల ఏం జరుగుతది?

మా బావ భయం ఒకటే. "అందరి ముంగట నిలబెట్టి అడుగుతరేమో." అట్లేం జరగదు. గుండ్రంగనో, వరుసలనో కుర్చీలు. చానా చోట్ల చాయ్ ఇస్తరు. గంట, గంటన్నర నడుస్తది. ఒకాయన పద్ధతి చదివి మొదలుపెడ్తడు. తర్వాత ఒక్కొక్కరు పేరు చెప్పి, తాము ఆల్కహాలిక్ అని చెప్పి, నాలుగు నిమిషాలు తమ ముచ్చట చెప్తరు. ఇంటిపేరు చెప్పరు, కులం అడగరు, కొలువు అడగరు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రారు, సలహాలు ఇయ్యరు. మాట్లాడాలని లేకుంటే "ఇయ్యాల వింట" అంటే చాలు.

సభ్యత్వానికి ఫీజు లేదు, రిజిస్టరు లేదు. తాగుడు ఇడిసిపెట్టాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఆఖర్న ఒక సంచి తిరుగుతది. ఇష్టమున్నోళ్లు పదో ఇరవయ్యో ఏస్తరు. కిరాయి, చాయ్ అందుల్నే ఎల్లుతయ్. సర్కారు పైసలు, పార్టీ పైసలు, సారా కంపెనీ పైసలు ఏవీ ముట్టరు. ఎవని పైసలు తింటే వాని మాట వినాల్సొస్తదని వాళ్లకు ఎరుకే.

అక్కడ విన్నది, అక్కడ చూసిన మనిషి బయటికి రావద్దు. ఇది వాళ్ల గట్టి నియమం. అందుకే ఆ గదిల నేను విన్న మాటలు ఇక్కడ ఒక్కటి సుత రాస్తలేను. ఊర్ల పిల్లల పెండ్లి సంబంధాలు చెడిపోతయని భయపడే ఇండ్లకు ఈ నియమం ఎంత అవసరమో చెప్పాల్సిన పని లేదు.

జీవితమంత తాగ అని ఒట్టు పెట్టియ్యరు. ఇయ్యాల ఒక్కరోజు తాగకుంట ఉండు అంటరు. ఇది మనోళ్లకు జర వింతగ అనిపిస్తది, ఎందుకంటే మనకు తలల మీద చెయ్యి పెట్టే ఒట్లు అలవాటు. బిడ్డ తల మీద ఒట్టేసి తప్పినోడు ఆ సిగ్గు మింగలేక ఇంకింత తాగుతడు. ఒక్కరోజు మాట ఎవడైనా మోయగలడు. తెల్లారి మళ్ల ఎత్తుకోవచ్చు.

12 మెట్ల పద్ధతి అని ఒకటుంటది. నాతోని అయితలేదు అని ఒప్పుకునుడు, చేసిన తప్పులు లెక్క రాసుకునుడు, బాధ పెట్టినోళ్ల కాడికి పోయి సరిదిద్దుకునుడు, ఆఖరికి ఇంకొకనికి ఆసరా అయ్యుడు, ఇట్ల నడుస్తది. ఇవి ఒక్కడే చెయ్యలేడు. అందుకే ముందు నుంచి ఉన్న ఒక మనిషిని స్పాన్సరుగ ఎంచుకుంటరు. గురుస్వామి అనుకోండ్రి. రాత్రి తొమ్మిదింటికి నాలుక పీకుతుంటే ఫోన్ చేసేది ఆయనకే. మగోళ్లకు మగోళ్లు, ఆడోళ్లకు ఆడోళ్లు స్పాన్సరుగ ఉండుడు మంచి పద్ధతి.

దేవుని మాట వస్తది. ప్రార్థన ఉంటది. కానీ ఎవనికి తోచిన దేవుడు వానికి. అయ్యప్ప కావచ్చు, అల్లా కావచ్చు, దేవుడే లేడనేటోనికి ఆ గదిల కూసున్న మనుషుల బలమే కావచ్చు.

ఒక్క మీటింగు చూసి నచ్చలేదని ఇడిసిపెట్టొద్దు. ఒక్కో గ్రూపు ఒక్కో తీరుంటది. ఒక దాంట్ల ఇంగ్లీషు ఎక్కువ, ఇంకోదాంట్ల మన బాస. కనీసం ఐదారు చూసినంక తేల్చుకోవాలె. మీటింగు పేరు చెప్పి సభ్యత్వానికి పైసలు అడిగితే, గ్యారంటీగ మానిపిస్తమంటే, డాక్టర్ రాసిన మందులు బంద్ పెట్టుమంటే, మనిషిని బలవంతంగ గుంజుకపోతమంటే అది ఏఏ కాదు. బయటికి రాండ్రి.

ఆడోళ్ల సంగతి వేరుగ చెప్పాలె. మగోడు తాగితే జబ్బు అని ఇప్పుడిప్పుడే అంటున్నం. ఆడమనిషి తాగితే ఇంకా శీలం మాటనే మాట్లాడుతున్నం. దాంతోని వాళ్లు దాచుకొని దాచుకొని ఆఖరికి దవఖానకు వస్తరు. మగోళ్లే నిండిన గదిల కూసోనీకి ఇబ్బందైతే ఆడోళ్ల మీటింగులు ఉన్నయా అని హెల్ప్‌లైన్‌ల అడగాలె. ఆన్‌లైన్‌ల అవి దొరుకుడు అలక.

మళ్ల తాగితే?

తాగొచ్చు. చానామంది ఒకసారన్న జారుతరు. మా బావ ఏడో నెలల జారిండు. దసరా నాడు, సొంత తమ్ముని దావత్‌ల. "పండుగ పూట ఒక్క పెగ్గుతోని ఏమైతది" అన్నరు. ఆ ఒక్కటి పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు దవఖానల చూపించుకొని, ఆ తర్వాత మీటింగుకు పోయిండు. పోయేటప్పుడు కాళ్లు వణికినయంట, ఈసారి తాగక కాదు, సిగ్గుతోని. అక్కడ ఎవరూ ఎందుకు తాగినవని అడగలే. కుర్చీ గుంజి "కూసోండ్రి అన్నా" అన్నరంట. ఇంట్ల మేము అనలేకపోయిన మాట అది. మేమంతా తిట్టినం.

జారే ముందు గుర్తులు కనిపిస్తయ్. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిని చూసుకోమని మీటింగుల చెప్తరు. మన తాన ఇంకో రెండు కలుపుకోవాలె. ఒకటి, కూలి పైసలు చేతిల పడ్డ సాయంత్రం. రెండు, దావత్. పెండ్లి, చావు, దినం, బోనాలు, దసరా, ఏదైనా మందు లేకుంట అయితలేదు మనకు. ఆ రోజుల్ల పోకతప్పకుంటే తిని, మందు కూసునే టైంకు ముందే లేసి రావాలె. వచ్చి ఫోన్ చెయ్యాలె. దావత్ ఇచ్చేటోళ్లకు కూడ ఒక మాట. తాగుడు ఇడిసిన మనిషికి గ్లాసు అందిచ్చుడు మర్యాద కాదు.

ఇంటోళ్లకు

తాగి ఉన్నప్పుడు మీటింగు మాట తియ్యొద్దు. లొల్లి తప్ప ఏం కాదు. మత్తు దిగి, ఒంట్ల బాగలేక, తనమీద తనకే రోత పుట్టిన పొద్దుగాల చెప్పాలె, రెండు ముక్కల్ల. మనిషిని గుంజుకపోతే కుర్చీల కూసుంటడు గని చెవులు పెట్టడు. వాని బదులు అబద్ధాలు చెప్పుడు, వైన్స్ కాడి బాకీలు కట్టుడు ఆపాలె. అది ప్రేమనే, కానీ తాగుడుకు ఆసరా అయితది.

ఇంటోళ్లకు వేరే మీటింగులు ఉన్నయ్. పేరు అల్ అనాన్. బిల్ విల్సన్ భార్య లోయిస్, ఇంకొకామె కలిసి 1951ల మొదలుపెట్టిన్రు. పిల్లల కోసం అలటీన్ ఉంది. తాగేటోడు ఇడిసినా ఇడవకున్నా ఇంటోళ్లు పోవచ్చు. తాగేటోన్ని మార్చుడు ఎట్లనో కాదు, వాని చుట్టే తిరిగి అరిగిపోయిన తమ బతుకును నిలబెట్టుకునుడు ఎట్లనో అక్కడ మాట్లాడుకుంటరు. కొట్టుడు, తిట్టుడు ఉంటే మాత్రం మీటింగు కోసం ఎదురుచూడొద్దు. ఆడోళ్ల సాయానికి 181, పోలీసుకు 112.

ఊర్ల మీటింగు లేకుంటే?

ఇది అసలు ప్రశ్న. మీటింగులు పట్నాలల్ల ఉన్నయ్, తాగుడు ఊర్లల్ల సుత ఉంది. మండలం నుంచి పట్నం పోయి రానీకి బస్సు కిరాయి, ఒక పూట కైకిలి పోతది. సర్కారు మందు మీద ఆదాయం లెక్క ఎంత పద్ధతిగ చూస్తదో, ప్రతి మండలంల ఒక కౌన్సెలర్, సాయంత్రం పూట ఒక గది ఇచ్చే సంగతి అంత పద్ధతిగ చూడాలె. గ్రామ పంచాయతి సుత ఈ పని చెయ్యొచ్చు. వారంల రెండు సాయంత్రాలు బడి గది తాళం ఇస్తే చాలు.

ఏఏ నియమం ప్రకారం ఇద్దరు తాగుడు బాధితులు తాగకుంట ఉండనీకి కలిసి కూసుంటే అది ఒక గ్రూపే. భవనం అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు. ఆక్రన్‌ల మొదలైంది సుత ఇద్దరితోనే. మా బావ ఇప్పుడు శనివారం పొద్దుమీకి తన షెడ్డుల నాలుగు కుర్చీలు ఏస్తుండు. మొదటి ఐదు వారాలు ఒక్కడే కూసున్నడు. ఆరో వారం ఒక ఆటో డ్రైవర్ వచ్చి గుమ్మం కాడ నిలబడ్డడు. ఇప్పుడు ఒక్కో వారం ముగ్గురు ఉంటరు, ఒక్కో వారం ఇద్దరు.

ఈ కార్తీకంల మీ ఇంట్ల ఎవరన్న మాలేసుకుంటే రెండు పనులు చెయ్యుండ్రి. రోజూ తాగే మనిషైతే మాలకు ముందు డాక్టర్‌కు చూపియ్యుండ్రి. మాల తీసే తారీఖుకు ముందే దగ్గర్ల ఉన్న మీటింగు టైం కనుక్కొని, 42వ రోజు సాయంత్రం యాడికి పోవాలో కాగితం మీద రాసి పెట్టుండ్రి. బావ ఆ కాగితం ఇంకా జేబుల్నే పెట్టుకుంటడు. ఇయ్యాల ఆయన తాగలే. రేపటి ముచ్చట రేపు.